నలుపు ఇంకా పైకి రాలేదు

చేపపిల్లకి ఈత నేర్పక్కర్లేదు చిగుసా,
చూసేదానికే చూపు నేర్పాలి
అన్నాడు హిసజిరో మామయ్య, నా మొదటి జూన్‌లో.

నీగతా కొండల్లో వాన తెరిపివ్వని నెల.
రేకుల షెడ్డు కింద తెల్ల గిన్నె,
గిన్నెలో గోరంత పిల్లలు, మూడొందలో నాలుగొందలో.
ఎడమ తొట్టిలోకి ఉంచుకునేవి,
కుడి తొట్టిలోకి వద్దనుకున్నవి.
సాయంత్రమయ్యేసరికి కుడి తొట్టి
నీళ్ళకంటే చేపలే ఎక్కువై కదులుతుంటే
నాకు అన్నం సహించేది కాదు.

ఎరుపు తల మీద మొదలవ్వాలి,
కంటి మీదికి జారకూడదు,
తోకకి ముందు వేలెడు తెలుపు మిగలాలి,
మాట ముగించాక మనిషి ఊపిరి తీసుకుంటాడే, అంత.
ఇవి ఎవరైనా చెబుతారు.
తూకం మాత్రం ఎవరూ చెప్పలేదు నాకు.
అటొక మచ్చ, ఇటొక మచ్చ, అంతేనా అని అడిగాను.
"అలా కావాలంటే పేకముక్కలు పెంచుకో" అన్నాడు.

మేత బకెట్టు నిండా నీళ్ళు పట్టి
ఒక్క చేత్తో ఎత్తి గట్టు మీద నడిచాడు.
ఒళ్ళు ఒక పక్కకి ఒరిగింది,
రెండో చెయ్యి దానంతటదే గాలిలోకి చాచుకుంది.
"ఈ చెయ్యి ఏం మోస్తోంది?"
ఏమీ లేదన్నాను.
"బకెట్టునే మోస్తోంది" అన్నాడు, బూట్లలోకి నీళ్ళు ఒలుకుతుండగా.
"చేప ఒంటి మీద తెలుపు చేసే పని అదీ."

ఆ రాత్రి పళ్ళు తోముకుంటూ
అద్దంలో నా ఖాళీ చేతిని చాలాసేపు చూశాను.

ఆగస్టుకి పిల్లలు వేలంతయ్యాయి.
నేను కుడి తొట్టిలో వేసినదాన్ని ఒకదాన్ని
ఆయన అరచేత్తో తోడి తీశాడు.
ఎరుపంతా ఎడమ భుజం మీదే కుప్పపోసుకుని ఉంది,
అక్కణ్ణించి తోక దాకా ఎవరూ నడవని మంచు.
ఇదేం తూకమని దెబ్బలాడాను.
వీపు మీద, రెక్క ఆగిపోయే చోట,
కుడి వైపున వేలు పెట్టాడు.
దెబ్బ తగిలిన మర్నాడు చర్మం లోపల ఉండే రంగు,
ఉందంటే ఉంది, లేదంటే లేదు.
"నలుపు ఇంకా పైకి రాలేదు. చలి తగిలితే లేస్తుంది."

రెండు చలికాలాలు.
చూరు దాకా మంచు, గాజుకొట్టంలో పంపు గురక,
కరెంటు పోయిన రాత్రి తొట్ల చుట్టూ మా ఇద్దరి టార్చిలైట్లు.
వేసవికి మళ్ళీ బురద చెరువు.

అక్టోబర్‌లో నీళ్ళు తోడించి
నడుం లోతు బురదలో వల లాగాం.
నీలం తొట్టిలో అది దొరికింది, మోచెయ్యి పొడవైంది.
నలుపు లేచింది. నిజమే,
నిగనిగలాడుతూ, తడిసిన బొగ్గులా.
వేలు పెట్టిన చోట కాదు. ఎడమ భుజం మీదే,
ఎరుపు అంచు పట్టుకుని.

హిరోషిమా నుంచి వచ్చిన కజితానీగారు
తొట్టిలోకి వంగి, మర్యాదగా దగ్గి,
పక్క తొట్టి ఫోటో తీసుకున్నారు.
మామయ్య పగలబడి నవ్వాడు:
"రెండు బకెట్లూ ఒకే చేతికి ఇచ్చానే!"

దాన్ని ఇంటి వెనక గుంటలో వదిలాను.
అమ్మకానికి కాదు, బహుమతికి కాదు.
పొద్దుగూకే వేళ అది కుడికి తిరిగినప్పుడు
ఆ ఖాళీ తెలుపు విల్లులా సాగుతుంది,
ఒక్క క్షణం అంతా సరిపోతుంది,
మళ్ళీ తిన్నగా ఈదితే పోతుంది.
ఆ క్షణం కోసం మెడ నొప్పెట్టేదాకా నిలబడతాను,
నిలబడి, ఆ జూన్ సాయంత్రాల కుడి తొట్టిని
తల్చుకోకుండా ఉండలేను.
ఎన్ని లోపలి నలుపులు ఒలకబోశానో.

మామయ్య మాత్రం రోజూ వస్తాడు.
ఎరుపు వంక చూడడు, లేచిన నలుపునీ చూడడు.
కుడి వైపు, రెక్క ఆగిపోయే చోట,
ఆనాడు వేలు పెట్టిన తెలుపునే చూస్తాడు.
"ఇంకా పైకి రాలేదు" అంటాడు.
"మంచు పడనీ."